సిస్టర్ గారి ఎస్టిమేటు

సిస్టర్ గారు పోయారన్న కబురు మా సందు వాట్సాప్ గ్రూపులో హిందీలో వచ్చింది. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. అది చదివాక నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, ఊరట. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఏడుస్తున్నంతసేపూ ముందు కలిగిన ఆ ఊరటకి సిగ్గుపడుతూనే ఉన్నాను. మా పెరట్లో ఉన్న గది ఎందుకు కట్టించామో మా గుమ్మం దాటి తెలిసిన మనిషి ఆవిడ ఒక్కరే.

ఆ గదిని సందులో అందరూ కూలర్ షెడ్డు అంటారు. నేనే అలా చెప్పాను. రాయ్‌పూర్‌లో కూలర్ లేని ఇల్లుండదు, వానలు పడగానే ఆ ఇనప పెట్టెని ఎక్కడ పెట్టాలో తెలిసిన ఇల్లూ ఉండదు. కాబట్టి కూలర్ కోసం షెడ్డు వేయిస్తున్నానంటే ఎవరూ ఎందుకని అడగలేదు. నిజానికి నేను దాన్ని మా ఆయన కోసం కట్టించాను. తాగి వచ్చిన సాయంత్రాలు ఎవరి కంటా పడకుండా పడి ఉండడానికి.

సిస్టర్ గారిది గుంటూరు వైపు. పడుచుతనంలో నర్సు ఉద్యోగానికి ఇక్కడికి వచ్చి, ఇక్కడే ఆసుపత్రిలో రిటైరై, ఊళ్ళో మోవా పేటలో మా సందు చివర సొంతిల్లు కట్టుకున్నారు. ఆ ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి ఆవిణ్ణి నిలువునా ముంచాడట. ఆ కోపంతో ఆవిడ కట్టుబడి పనంతా నేర్చేసుకున్నారు. ఇక అప్పట్నుంచీ సందులో తెలుగువాళ్ళెవరు గోడ లేపినా, బాత్రూమ్ వేసినా ఎస్టిమేటు ఆవిడదే. అడక్కపోయినా ఆవిడదే. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. రెండోది నేను చూళ్ళేదు. మొదటిదానికి మాత్రం నన్నడగాల్సిందే" అనేవారు.

గంజి పెట్టిన తెల్లచీర, మెడలో దర్జీల టేపు. ఆ టేపు ఆవిడ ఆసుపత్రి స్టెతస్కోపులాగే వేసుకునేవారు, తీసేవారు కాదు. ఒకసారి మా ఎదురింట్లో ముసలాయన పోతే పరామర్శకి వెళ్ళారు. కోడలు పక్కన కూర్చుని కాసేపు చెయ్యి నిమిరారు, ప్రార్థన చేశారు, లేచి వస్తూ వస్తూ గుమ్మం ఎత్తు కొలిచారు. "ఇంత కిందికి పెట్టారేందమ్మా, రేపు మోసేవాళ్ళు వంగి తియ్యాల్సొస్తుంది" అన్నారు. ఆ కోడలు ఏడుపు మధ్యలో నవ్వేసింది. అందుకు ఆవిణ్ణి సందంతా చాన్నాళ్ళు తిట్టుకుంది. ఆవిడకి అది తప్పని ఎప్పటికీ తెలియలేదనుకుంటాను.

మేస్త్రీలతో ఆవిడ మాట్లాడేది హిందీ అని ఆవిడ అనుకునేవారు. "ఏమయ్యా భాయీ, యే రేతా, అటుకులా? ఛానో, ముందు ఛానో" అని ఇసుక జల్లించేదాకా కదిలేవారు కాదు. భన్‌పురిలో ఇనప సామాన్ల కొట్టుకి వెళితే ముందు కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. తర్వాత మంచినీళ్ళు అడిగేవారు. ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ధర మాట ఎత్తేవారు కాదు. "నిలబడి బేరమాడితే మనం బజారోళ్ళం. నీళ్ళు తాగాక చుట్టాలం" అని నాకు చెప్పారు. కొట్టువాడికి ఇది అలవాటై, ఆవిణ్ణి చూడగానే నీళ్ళు తెప్పించేవాడు. ధర తగ్గించేవాడా అంటే, అది అంత నమ్మకంగా చెప్పలేను.

ఇంకో సంగతి. ఆవిడ ఎస్టిమేటు వేసిన ఇళ్ళన్నిటికీ బాత్రూమ్ తలుపులు బయటికి తెరుచుకుంటాయి. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకి ఆ మనిషే అడ్డం పడతాడని ఆవిడ వాదన. ఆసుపత్రిలో చూశారట. మా సందులో పెరటి దారిన నడిచేవాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక తలుపు మొహానికి తగులుతూ ఉండేది. తగిలినవాడల్లా ఆవిణ్ణి తలుచుకునేవాడు. గదుల కొలత కూడా అడుగుల్లో మొదలెట్టేవారు కాదు. "ముందు మంచం వెయ్యి, తర్వాత గోడ లేపు" అనేవారు. ఆ ఇంట్లో అందరికంటే పొడుగాటి మనిషిని నేల మీద పడుకోబెట్టి, చుట్టూ ముగ్గుపిండితో గీత గీసి, పక్కన ఇంకో మనిషి నిలబడి సేవ చేసేంత చోటు వదిలేవారు. మంచాన పడ్డవాడికి పనికొచ్చే గదే గది అని ఆవిడ లెక్క.

మా ఆయన భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లోడింగ్ చూసేవారు. వాళ్ళ నాన్న రైల్వేలో పనికి శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పగలు మా ఆయనంత మెత్తటి మనిషి దొరకరు. కూరగాయలు తరిగి పెట్టి ఆఫీసుకి వెళ్ళేవారు. సాయంత్రం లారీల వాళ్ళతో కూర్చుంటే మాత్రం ఇక ఆ మనిషి వేరు. అరిచేవారు కాదు, చెయ్యి చేసుకునేవారు కాదు. ఇంటిదాకా వచ్చి, గుమ్మం ముందు పడిపోయేవారు. ఆ పడిపోవడం కూడా ఎంతో నెమ్మదిగా, కూర్చుని పడుకున్నట్టు.

నేను ముందుగదిలో పిల్లలకి ట్యూషన్ చెప్పేదాన్ని. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి, దాని ఫీజు ఆ ట్యూషన్ డబ్బుల్లోంచే. ఒక సాయంత్రం ఆయన వచ్చి వరండాలో పిల్లల చెప్పుల మధ్య పడిపోయారు. ట్యూషన్ అయిపోయింది, పిల్లలు ఒక్కొక్కరే ఆయన్ని దాటుకుంటూ చెప్పులు వెతుక్కున్నారు. ఒక పాప చెప్పు ఆయన చెయ్యి కింద ఉండిపోయింది. నేను వచ్చి తీసేలోపల ఆ పాప ఒక్క చెప్పుతోనే ఇంటికి వెళ్ళిపోయింది. ఆ చెప్పు పట్టుకుని నేను వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ తీసుకుంది, "కోయీ బాత్ నహీ" అంది. ఆ పాప మళ్ళీ ట్యూషన్‌కి రాలేదు. దాని వెనక ఇంకొందరు మానేశారు. మా అమ్మాయి స్నేహితురాళ్ళని ఇంటికి తీసుకురావడం ఎప్పుడో మానేసింది.

అప్పుడు నాకు పెరడు గుర్తొచ్చింది. ఇంటి పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి రావచ్చు, ముందు గుమ్మం తొక్కక్కర్లేదు. అక్కడ గోంగూర మడి, ఒక మునగచెట్టు, పగిలిన కుండీలు తప్ప ఏమీ లేవు. ఒక షెడ్డు వేస్తే సరిపోతుంది. ఇంత ఆలోచించాక కూడా నాలో నేను దాన్ని కూలర్ షెడ్డనే అనుకునేదాన్ని. మనసులో కూడా వేరే మాట అనుకోవడానికి సిగ్గేసింది.

సిస్టర్ గారిని నేను పిలవలేదు. మేస్త్రిని పిలిచాను, ఆవిడ వచ్చారు. పెరట్లో బకెట్ బోర్లించుకుని కూర్చున్నారు.

"ఏందమ్మాయ్ పెట్టేది ఇందులో?"

"ఏటి పెడతామండీ, కూలరూ, కుండీలూ, ఎరువు బస్తా, పార."

"ఊఁ."

పాత క్యాలెండర్ కాయితం వెనక రాయడం మొదలెట్టారు. నేను చెప్పినవన్నీ రాసుకున్నారు. నాకు ఫ్యాను పాయింటు కావాలన్నాను. ఆవిడ పెన్ను ఆగింది. మేస్త్రి నా వైపు చూశాడు. కూలర్ ఉండే గదికి ఫ్యానెందుకని వాడికి రావాల్సిన అనుమానమే వచ్చింది. సిస్టర్ గారు తలెత్తకుండా, "ఖాద్ బస్తాకి హవా నహీ తగిలితే పురుగులు పడతాయి భాయీ, లగావో" అని వాణ్ణి గదిమారు. ఎరువుకి ఫ్యాను పెట్టే ఊరు ప్రపంచంలో ఎక్కడా ఉండదు. వాడు తలూపి ఊరుకున్నాడు. నేను కిటికీ సందు వైపు వద్దన్నాను. "అవును, ఎండ పొడ పడుద్ది" అన్నారావిడ. సందు వైపు అసలు ఎండే రాదు. నేల నున్నగా చేయించాలన్నాను. "ఎలకలు" అని ఆవిడే కారణం చెప్పేశారు. నేను అడిగిన ప్రతిదానికీ ఆవిడ ఒక అబద్ధం సిద్ధంగా ఉంచారు. నేను నాటకం ఆడుతుంటే ఆవిడ తెర వెనకనుంచి మాటలు అందిస్తున్నట్టుంది. అప్పటికే ఆవిడకి తెలిసిపోయిందని నాకు తెలిసింది. చెవులు వేడెక్కిపోయాయి.

గొడవ వచ్చింది పైకప్పు దగ్గర. నా దగ్గరున్నది తక్కువ. తగరపు రేకు వేసేసి, మిగిలినదానితో బయటి గోడలకి ప్లాస్టరింగ్ చేయించి రంగు వేయిద్దామన్నాను. పక్కిళ్ళ డాబాల మీంచి చూస్తే మా పెరడంతా కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటే, దాని గురించి ఎవరూ రెండోమాట అనుకోరని నా ఆశ.

"రేకు వద్దు. మే నెల్లో రేకు కింద పెరుగు కూడా బతకదు. సిమెంటు రేకు వేసి, కింద వెదురు తడక కట్టించు."

"అంత డబ్బు లేదు సిస్టర్ గారూ."

"రంగు మానెయ్. ప్లాస్టరింగ్ మానెయ్."

"ఇటుకలు పైకి కనపడితే ఏటి బాగుంటాది?"

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అన్నారావిడ. తిట్టినట్టు కాదు, ఉన్నమాట అన్నట్టు అన్నారు. ఆ సామెత నేను నా జీవితంలో ఎన్నిసార్లు అని ఉంటానో. నా మీద వేసి అంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. నాకు తల కొట్టేసినట్టయింది. నేను మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. చివరికి కప్పు విషయంలో ఆవిడ మాటే నెగ్గింది. నేను ఒప్పుకుని కాదు. మేస్త్రి ఆవిడకే భయపడ్డాడు.

ఎస్టిమేటు పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి టీ తాగుతూ, పైనుంచి కిందిదాకా చదివి వినిపించారు. ఇటుక, ఇసుక, రేకు, తడక, కిటికీ ఊచలు. ప్రతిదానికీ కొంచెం ఎక్కువే వేసుకునేవారు. దూదీ, ఇటుకా ఎక్కువ తెప్పించినందుకు ఎవడూ చావలేదని ఆవిడ అనేవారు. తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయారు.

"గడియ ఎటు పెట్టమంటావ్?"

"బయటేనండీ. సామాన్లే కదా."

"సామాన్లకైతే బయటే." గ్లాసు కింద పెట్టారు. "మనిషికైతే లోపల. నీ సామానేందో నేనడగలేదమ్మాయ్, అడగను కూడా. గడియ మాత్రం చెప్పు."

స్టవ్ మీద ఏమీ లేకపోయినా దాని వైపు తిరిగి నిలబడ్డాను. బయటినుంచి గడియ పెట్టాలనే నేను అనుకున్నాను. పిల్లలు ఉన్నంతసేపూ ఆయన లేచి ముందుకి రాకుండా. ఆ సంగతి నాకే సరిగ్గా తెలియదు, ఆవిడ అడిగాకే తెలిసింది. నా వీపు వెనక పెన్ను గీసిన చప్పుడు వినిపించింది.

"లోపల రాస్తున్నా. బయట కావాలంటే నువ్వు వేరేగా కొనుక్కో. నా ఎస్టిమేట్లో మాత్రం రాదు."

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చారు, ముగ్గు వెయ్యడానికి. ఆదివారాలు మా ఆయన ఇంట్లో ఉండేవారు, పొద్దున్నపూట మామూలుగా ఉండేవారు. షెడ్డంటే ఆయనకి భలే ఉషారు. సిల్తారా ఉక్కు ఫ్యాక్టరీల్లో తెలిసినవాళ్ళున్నారు, ఇనప ఊచలు చవగ్గా తెస్తానన్నారు. కుండీలకి గోడ పొడుగునా అర పెట్టిద్దామన్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన ఉషారు చూస్తూ, ఈ మనిషి ఇంత ఆనందపడకపోతే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాను.

సిస్టర్ గారు టేపు కొస ఆయన చేతికిచ్చి అటూ ఇటూ తిప్పారు. తర్వాత టేపు చుట్టేసి మెడలో వేసుకుని, "ఇక్కడ పడుకో బాబూ" అన్నారు.

ఆయన నవ్వారు. "ఏటి సిస్టర్ గారూ, కూలర్‌ని పడుకోబెడతారేటి?"

"పడుకో నాయనా. ఈ ఇంట్లో నీకంటే పొడుగాటోడు లేడు."

ఆవిడ పద్ధతి ఆయనకి తెలుసు. సందులో సగం మగవాళ్ళు ఆవిడ మాట మీద ఎప్పుడో ఒకసారి నేల మీద పడుకున్నవాళ్ళే. ఆయన నవ్వుతూనే పడుకున్నారు. ఆవిడ పిండి డబ్బా పట్టుకుని ఆయన తల దగ్గర మొదలెట్టి, పక్కన మనిషి నిలబడే చోటు వదిలి, చుట్టూ గీత గీస్తూ వచ్చారు. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది. మెడ తిప్పి వంటింటి వైపు చూశారు. నేను పక్కకి తప్పుకోవాల్సింది, తప్పుకోలేదు. మా పెళ్ళయ్యాక ఆయన నన్ను అంత శుభ్రంగా, ఏ మత్తూ లేకుండా చూడ్డం అదే మొదటిసారేమో అనిపించింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని.

ఆయన లేవలేదు. కాళ్ళు ఒకసారి చాచి చూసుకున్నారు.

"ఇంకో అడుగు పెంచండి సిస్టర్ గారూ" అన్నారు. "కాళ్ళు తగుల్తున్నాయి."

ఆవిడ పాత గీత కాలితో చెరిపేసి, అడుగు అవతల మళ్ళీ గీశారు.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆవిణ్ణి పట్టుకున్నాను. "ఆయన్ని ఎందుకు పడుకోబెట్టారు? అంతా కప్పిపుచ్చారు కదా, అదొక్కటీ ఎందుకు చేశారు?" అని అడిగాను.

"సందువాళ్ళకి చెప్పక్కర్లేదమ్మాయ్. వాళ్ళకేంది సంబంధం? కానీ ఉండేవాడికి తెలీకుండా గది కట్టకూడదు. చిన్న ఆపరేషన్‌కైనా సంతకం తీసుకోకుండా మేం కత్తి పట్టనివ్వం." గేటు గడియ వేస్తూ, "పెట్టాడుగా సంతకం" అన్నారు.

గది కట్టారు. బయట ఇటుకలు అలాగే కనిపిస్తాయి. ఒక మూల వాన కురుస్తుంది. రేకు మీద రేకు ఎంత ఎక్కించాలో ఆవిడ తక్కువ లెక్కేశారు. తప్పు మేస్త్రిదేనని చివరిదాకా వాదించారు. మొదటి సాయంత్రం ఆయన పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి, తలుపు వేసుకుని, లోపల గడియ పెట్టుకున్నారు. ముందుగదిలో పిల్లలకి ఎక్కం చెప్పిస్తున్న నాకు ఆ గడియ చప్పుడు వినపడింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన ముందు గుమ్మంలో పడలేదు. ట్యూషన్ మళ్ళీ నిండింది. అమ్మాయి చదువు అయిపోయింది. ఆయన తాగడం మానలేదు. కొన్నాళ్ళు తగ్గింది, కొన్నాళ్ళు పెరిగింది. బాగున్న రోజుల్లో కూడా రాను రాను అక్కడే పడుకోవడం అలవాటైంది. నేను రమ్మని పిలవలేదు, ఆయన వస్తాననలేదు. ఈ మాట ఎవరికైనా చెప్పాలంటే ఇప్పటికీ నాకు నోరు రాదు. కూలర్ అప్పటికీ ఇప్పటికీ వరండాలోనే ఉంటుంది. ఎవరూ గమనించలేదు, లేదా గమనించి మర్యాదకి ఊరుకున్నారు.

సిస్టర్ గారు సాయంత్రం నడకకి వచ్చినప్పుడు ఆ గది తలుపు తట్టి, ఆయన రమ్మన్నాకే లోపలికి వెళ్ళేవారు. ఇద్దరూ ఏదో ఇనప ధరల గురించి మాట్లాడుకునేవారు. టీ పెట్టమని ఆవిడ అక్కణ్ణుంచే నన్ను కేక వేసేవారు. ఆ సందర్భాల్లో నేను టీ ఇచ్చి వెంటనే వచ్చేసేదాన్ని. ఆవిడ కళ్ళల్లోకి చూసేదాన్ని కాదు. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క మాటైనా ఎత్తిపొడిస్తే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

మనిషి పోయాక చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడిక ఆవిడ ఇంటి ముందే షామియానా వేసి జరిపారు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చున్నాం. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొద్దుటి నుంచీ ఏమీ ముట్టకుండా వచ్చారు. పాట అయ్యాక పాస్టర్ గారు, సిస్టర్ గారి గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. గుంటూరు నుంచి వచ్చిన ఆవిడ తమ్ముడి కూతురు లేచింది.

"మా అత్తకి ఈ సందంటే ప్రాణం. ఫోన్ చేస్తే అన్నీ ఇక్కడి కబుర్లే. ముఖ్యంగా ఒకావిడ గురించి ఎప్పుడూ చెప్పేది. వాళ్ళాయన ఎండలో పని చేసి వస్తాడని, చల్లగా పడుకోడానికి ఆయన కోసం పెరట్లో గది కట్టించిందంట. డబ్బు చాలకపోతే, పైకి అందంగా లేకపోయినా పర్లేదని రంగు కూడా మానేసి, ఉన్నదంతా కప్పుకే పెట్టిందంట. భార్యంటే అట్టా ఉండాలే అనేది మా అత్త. మా పెళ్ళిళ్ళన్నిట్లో ఆవిడ గురించే చెప్పేది."

నేను పోట్లాడి ఓడిపోయిన ప్రతి మాటా ఆవిడ నా పేరు మీద రాసేశారు. ఇన్నేళ్ళూ, నేను ఎన్నడూ చూడని మనుషుల ముందు, నేను మంచిదాన్నై తిరుగుతున్నాను.

పాస్టర్ గారు చాలా సంతోషపడ్డారు. "ఆ సహోదరి ఇక్కడుంటే ఒకసారి లేచి నిలబడండమ్మా, అందరూ చూస్తారు" అన్నారు.

నేను కదల్లేదు. కుర్చీలోంచి భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి మా ఆయన లేచారు.

"ఆ గది నాదేనండీ" అన్నారు. "ఎండల్లో చల్లగా ఉంటాది. కట్టించింది మా ఆవిడే. అదిగో, అక్కడ కూర్చుంది."

అందరూ నా వైపు తిరిగారు. లేవక తప్పలేదు. తల ఎత్తలేక నేల చూస్తూ నిలబడ్డాను. వినయం అనుకున్నట్టున్నారు, దేవునికి స్తోత్రం అన్నారందరూ.